ప్రాజెక్టు డైరీ: 13ఎక్స్ జియోలైట్ మీద ప్రొపిలీన్–ప్రొపేన్ విడదీత, పక్కనే కాగితం లెక్క

ప్రొపిలీన్ మైనస్ 47.6 డిగ్రీల దగ్గర మరుగుతుంది, ప్రొపేన్ మైనస్ 42.1 దగ్గర. తేడా ఐదారు డిగ్రీలే కాబట్టి డిస్టిలేషన్‌లో వీటిని వేరు చేయాలంటే వందకు పైగా ట్రేలు, భారీ రిఫ్లక్స్ (పైన చల్లార్చిన ద్రవాన్ని మళ్లీ కాలమ్‌లోకి పంపడం) కావాలి. ఆ ఖర్చు తగ్గించడానికి చూసే దారుల్లో వాక్యూమ్ స్వింగ్ అడ్సార్ప్షన్ ఒకటి: 13ఎక్స్ జియోలైట్ లాంటి సూక్ష్మ రంధ్రాల ఘనపదార్థానికి ప్రొపిలీన్‌ని అంటుకోనిచ్చి, తర్వాత వాక్యూమ్‌తో వదిలించడం. సైకిల్‌ని కంప్యూటర్లో డిజైన్ చేసుకునేటప్పుడు ఏ దశలో ఏది తప్పుతుంది, తప్పిందని ఎలా తెలుస్తుంది అన్నదే ఈ డైరీ.

ముందే ఒక మాట. కింద ఇన్‌పుట్‌గా ఇచ్చిన విలువలు ప్రాక్టీసు కోసం గుండ్రం చేసినవి. 13ఎక్స్ ధోరణికి దగ్గరగా ఉంటాయి గానీ ఏ కంపెనీ పెల్లెట్‌వీ కావు. మీ పెల్లెట్‌కు మీరు కొలిచిన డేటా పెట్టుకోండి. అంకెలు మారతాయి, లెక్క కట్టే పద్ధతి మారదు.

దశ 1: ఇన్‌పుట్లు

కాలమ్: లోపలి వ్యాసం 5 సెం.మీ., పొడవు 1 మీటరు. పెల్లెట్ 1.6 మి.మీ. బెడ్ వాయిడేజ్ (పెల్లెట్ల మధ్య ఖాళీ వాటా) 0.40, పెల్లెట్ సాంద్రత 1100 కేజీ/ఘనపు మీటరు, పెల్లెట్ పోరోసిటీ 0.35. అంటే కాలమ్‌లో పట్టే జియోలైట్ 1.296 కేజీలు.

ఫీడ్: సగం ప్రొపిలీన్, సగం ప్రొపేన్. 100 డిగ్రీలు (373 కెల్విన్), 2.5 బార్, 0.01 మోల్/సెకను.

ఐసోథర్మ్ (ఒక ఉష్ణోగ్రతలో పీడనాన్ని బట్టి జియోలైట్ ఎంత గ్యాస్ పట్టుకుంటుందో చెప్పే సంబంధం): లాంగ్‌మ్యూర్. సాచురేషన్ (పట్టగల గరిష్ఠ లోడింగ్) రెండింటికీ 2.6 మోల్/కేజీ. 373 కెల్విన్ దగ్గర ప్రొపిలీన్ బి విలువ (ఎంత గట్టిగా అంటుకుంటుందో చెప్పేది) బార్‌కి 3.0, ప్రొపేన్‌ది 0.6. అడ్సార్ప్షన్ వేడి 42, 37 కిలోజౌల్/మోల్.

సాచురేషన్ రెండింటికీ ఒకటే ఎందుకు పెట్టామంటే, ఎక్స్‌టెండెడ్ లాంగ్‌మ్యూర్‌లో (మిశ్రమానికి వాడే రూపం) రెండు గ్యాసులకు వేరే సాచురేషన్లు పెడితే సమీకరణం థర్మోడైనమిక్స్‌కు పొసగదు. విడివిడిగా ఫిట్ చేస్తే ఒక్కోదానికి ఒక్కో విలువ వస్తుంది, గ్రాఫు కూడా ముచ్చటగా ఉంటుంది. మిశ్రమం దగ్గరికొచ్చేసరికి సెలెక్టివిటీ (ప్రొపేన్ కంటే ప్రొపిలీన్‌ని ఎన్ని రెట్లు ఎక్కువ పట్టుకుంటుందో) పీడనంతో పాటు మారాల్సింది, ఈ సమీకరణంలో కదలకుండా ఉండిపోతుంది. రెండింటి సాచురేషన్లు నిజంగానే బాగా దూరంగా ఉంటే ఎక్స్‌టెండెడ్ లాంగ్‌మ్యూర్ వదిలేసి ఐఏఎస్‌టీకి (ఒక్కో గ్యాస్ ఐసోథర్మ్ నుంచి మిశ్రమం లోడింగ్‌ని అంచనా వేసే సిద్ధాంతం) వెళ్లాలి. పైథాన్‌లో పై-ఐఏఎస్‌టీ ఉంది. కాకపోతే ప్రతి సెల్‌లో (లెక్క కోసం బెడ్‌ని పొడవునా కోసిన ముక్క) ప్రతి క్షణం ఐఏఎస్‌టీ సాల్వ్ చేయడం చాలా నెమ్మది. ముందే టేబుల్ కట్టుకుని ఇంటర్‌పొలేట్ చేసుకోవడం మేలు.

ఫిట్ చేసే క్రమం:

1. ఉష్ణోగ్రతలన్నిటి డేటాను ఒకేసారి ఫిట్ చేయండి. విడివిడిగా చేస్తే బి, సాచురేషన్ ఒకదాని తప్పు ఇంకొకటి కప్పేస్తాయి.
2. ఎర్రర్‌ని లాగ్‌లో తీసుకోండి. మామూలు లీస్ట్ స్క్వేర్స్‌లో పై పీడనాల పాయింట్లే పెత్తనం చేస్తాయి, 0.1 బార్ దగ్గర ఫిట్ ఎటో పోతుంది. వాక్యూమ్ సైకిల్ బతికేది అక్కడే.
3. యూనిట్లు చూసుకోండి. పాత డేటా గ్రాముకు ఇన్ని ఘన సెం.మీ. (ఎస్‌టీపీ) అని ఉంటుంది. 22.414తో భాగిస్తే మోల్/కేజీ.

ఫీడ్‌తో బెడ్ పూర్తిగా నిండితే ప్రొపిలీన్ 1.77, ప్రొపేన్ 0.35 మోల్/కేజీ. పెల్లెట్ల మధ్య, పోర్లలో ఉన్న గ్యాస్ కూడా కలిపితే:

ఖాతా: కాలమ్‌లో ప్రొపిలీన్ 2.35 మోల్, ప్రొపేన్ 0.51 మోల్.

దశ 2: మాలిక్యులర్ సిమ్యులేషన్‌తో సరిచూపు

ఇది చిన్న దశ. కొలిచిన ఐసోథర్మ్ చేతిలో ఉంటే దాటేయవచ్చు. రాస్పా సాఫ్ట్‌వేర్‌లో గ్రాండ్ కానానికల్ మోంటే కార్లో (మాలిక్యూల్స్‌ని యాదృచ్ఛికంగా పెడుతూ తీస్తూ లోడింగ్ కట్టే పద్ధతి) నడిపితే మూడు చోట్ల దెబ్బ తింటుంది.

ఒకటి, సోడలైట్ కేజ్‌లు (క్రిస్టల్‌లోని చిన్న గదులు). వాటి ఆరు సభ్యుల కిటికీ గుండా ప్రొపేన్ దూరలేదు. మోంటే కార్లోకి ఆ సంగతి తెలియదు, ఖాళీ కనిపిస్తే మాలిక్యూల్‌ని తీసుకెళ్లి లోపల పెట్టేస్తుంది. ఆ గదులను మూసే బ్లాకింగ్ గోళాలు పెట్టాల్సిందే.

రెండు, మాలిక్యూల్స్ మధ్య బలాలను వర్ణించే ట్రాపీ యునైటెడ్ ఆటమ్ మోడల్‌లో ఆల్కీన్‌కి (ప్రొపిలీన్ లాంటి డబుల్ బాండ్ ఉన్నదానికి) చార్జీలు లేవు. సోడియం అయాన్‌కీ డబుల్ బాండ్‌కీ మధ్య ఆకర్షణ అందులో సరిగా దొరకదు, ప్రొపిలీన్ లోడింగ్ తక్కువ వస్తుంది. సెలెక్టివిటీ అంతా ఆ ఆకర్షణ వల్లనే కాబట్టి, కొలిచిన డేటాతో సోడియం–ప్రొపిలీన్ పరామితులను మళ్లీ ఫిట్ చేయకుండా ఆ ఫలితాన్ని డిజైన్‌లోకి తేవద్దు.

మూడు, బైండర్ (పెల్లెట్‌ని అతికి ఉంచే పదార్థం). సిమ్యులేషన్ ఇచ్చేది క్రిస్టల్ లోడింగ్. పెల్లెట్‌లో 20 శాతం బంకమట్టి ఉందనుకుంటే 0.8తో గుణించాలి.

సరిచూపు లెక్క: యూనిట్ సెల్‌కి 86 సోడియం ఉన్న 13ఎక్స్ బరువు మోల్‌కి 13,418 గ్రాములు. కాబట్టి సెల్‌కి ఒక మాలిక్యూల్ అంటే 0.0745 మోల్/కేజీ క్రిస్టల్. మన 2.6ని 0.8తో భాగించి వెనక్కి వెళ్తే సెల్‌కి సుమారు 44 మాలిక్యూల్స్. సూపర్‌కేజ్‌లు (పెద్ద గదులు) 8 కాబట్టి కేజ్‌కి ఐదున్నర. ప్రొపేన్ సైజుకు ఇది నమ్మదగ్గ అంకె. పది వస్తే ఎక్కడో యూనిట్ తప్పిందన్నమాట.

దశ 3: బెడ్ మోడల్, బ్రేక్‌త్రూ

పైథాన్ లైబ్రరీలు నమ్‌పై, సైపైతో ఫైనైట్ వాల్యూమ్ పద్ధతి. 40 సెల్స్. సెల్‌కి ఆరు వేరియబుల్స్: పీడనం, ప్రొపిలీన్ మోల్ ఫ్రాక్షన్, రెండు లోడింగ్‌లు, బెడ్ ఉష్ణోగ్రత, గోడ ఉష్ణోగ్రత. మాస్ ట్రాన్స్‌ఫర్‌కి ఎల్‌డీఎఫ్ (లీనియర్ డ్రైవింగ్ ఫోర్స్: గ్యాస్ పెల్లెట్‌లోకి చేరే వేగానికి సరళ సూత్రం). బెడ్ మొదట ప్రొపేన్‌తో 2.5 బార్ దగ్గర నిండి ఉంది.

కాగితం మీద బ్రేక్‌త్రూ (ప్రొపిలీన్ అవతలి చివర బయటపడటం) సమయం: 2.346 మోల్‌ని 0.005తో భాగిస్తే 469 సెకన్లు. కోడ్ ఏది చేసినా, ఐసోథర్మల్‌గా (ఉష్ణోగ్రత మారకుండా) నడిపినప్పుడు ఫ్రంట్ (ముందుకు కదిలే ప్రొపిలీన్ అంచు) మధ్యభాగం ఇక్కడికి రావాలి.

*రన్ విఫలం: స్థిర వేగం.* వేగం బెడ్ పొడవునా ఒకటే అనుకుని రాసిన కోడ్‌లోనూ ఫ్రంట్ 469 దగ్గరే వచ్చింది. అందుకే ఈ తప్పు దొరకదు. దొరికేది ఔట్‌లెట్ దగ్గర. బ్రేక్‌త్రూకి ముందు అక్కడ ప్రొపేన్ తప్ప ఏమీ లేదు, కాబట్టి మోల్ ఫ్రాక్షన్ 1 ఉండాలి. వచ్చింది 0.80. నిజానికి ప్రొపిలీన్ లోపలికి పోతుంటే, అది తోసేసిన ప్రొపేన్ అంతకంటే తక్కువ మోల్స్‌లో బయటికి వస్తుంది. బ్యాలెన్స్ వేస్తే ఔట్‌లెట్ ఫ్లో 0.0084 మోల్/సెకను, అంటే ఇన్‌లెట్‌లో 84 శాతం. హీలియంలో ఒక శాతం ప్రొపిలీన్ లాంటి పలుచని ఫీడ్‌కి స్థిర వేగం చెల్లుతుంది. సగానికి సగం ఫీడ్‌కి చెల్లదు. మొత్తం మాస్ బ్యాలెన్స్ సమీకరణం నుంచే వేగం రావాలి.

*రన్ విఫలం: అప్‌విండ్.* ఫ్రంట్ వెడల్పుగా, సోమరిగా వచ్చింది. ఎల్‌డీఎఫ్ కోఎఫిషెంట్ ఎంత పెంచినా పదునుగా కాలేదు. కారణం న్యూమరికల్ డిస్పర్షన్ (గ్రిడ్ లెక్కే ఫ్రంట్‌ని చెదరగొట్టడం). ఇంటర్‌స్టీషియల్ వేగం 0.158 మీ./సెకను, సెల్ 0.025 మీటర్లు. ఫస్ట్ ఆర్డర్ అప్‌విండ్ (గ్యాస్ వచ్చే వైపు సెల్ విలువనే తీసుకునే పద్ధతి) తనంతట తాను కలిపే డిస్పర్షన్ వీటి లబ్ధంలో సగం, అంటే 0.00198 చదరపు మీ./సెకను. బెడ్‌లో నిజంగా ఉండే యాక్సియల్ డిస్పర్షన్ దాదాపు 0.00013. పదిహేను రెట్లు తేడా. ఆ ఫ్రంట్‌ని చూసి ఎల్‌డీఎఫ్‌ని సవరించుకుంటూ పోతే, గ్రిడ్ చేసిన తప్పును పెల్లెట్ మీద వేసినట్టే. సెల్స్‌ని 600 చేయవచ్చు, లేదా వాన్ లీర్ లిమిటర్ (ఫ్రంట్‌ని పదునుగా ఉంచే సవరణ) పెట్టి 40 దగ్గరే ఉండవచ్చు. రెండోదే నయం.

సాల్వర్ సెట్టింగులు:

1. అన్నిటినీ స్కేల్ చేయండి. పాస్కల్స్‌లో పీడనం 2,50,000, పక్కనే మోల్ ఫ్రాక్షన్ 0.001. రెండింటికీ ఒకే టాలరెన్స్ పెడితే ఒకటి అతిగా, ఇంకొకటి అసలేమీ పట్టించుకోకుండా నడుస్తుంది.
2. సైపైలో బీడీఎఫ్ సాల్వర్ వాడి, జాకోబియన్ స్పార్సిటీ (ఏ వేరియబుల్ దేని మీద ఆధారపడుతుందో చెప్పే పటం) ఇవ్వండి. ఎల్‌సోడా అనే ఇంకో సాల్వర్ ఆ స్పార్సిటీని పట్టించుకోదు. ఇచ్చాం కదా అనుకుంటే వేగం పెరగదు.
3. రెండు చివర్లా రెండు గ్యాసులకు లెక్కింపు వేరియబుల్స్ పెట్టండి: ఎన్ని మోల్స్ దాటాయో సాల్వరే ఇంటిగ్రేట్ చేస్తుంది. రన్ అయ్యాక ట్రాపిజాయిడ్‌తో కూడితే వాల్వ్ తెరిచిన మొదటి సెకన్లలో తప్పు పోగవుతుంది.
4. అప్‌విండ్ దిశను వేగం గుర్తును బట్టి మార్చండి. ఫీడ్ కంపోజిషన్‌ని ఇన్‌లెట్ చివర శాశ్వతంగా రాసేస్తే, ఎవాక్యుయేషన్‌లో (వాక్యూమ్‌తో బెడ్‌ని ఖాళీ చేసే అంచె) గ్యాస్ అదే చివర నుంచి బయటికి పోతున్నా ఫీడ్ కంపోజిషనే లెక్కలోకి వస్తుంది. ప్యూరిటీ ఏం చేసినా 50 శాతం దగ్గర వేలాడుతుంటే మొదట చూడాల్సింది ఇదే.

ఖాతా: 40 సెల్స్‌కి ఆరేసి 240, లెక్కింపులు 4. మొత్తం 244 వేరియబుల్స్.

దశ 4: వేడి

ఈ ప్రాజెక్టు అసలు కథ ఇక్కడుంది, కాబట్టి ఇక్కడే ఎక్కువసేపు ఆగాలి.

ప్రొపేన్ నిండిన బెడ్‌లోకి ఫీడ్ వెళ్తే కేజీకి 1.77 మోల్ ప్రొపిలీన్ ఎక్కుతుంది, 1.21 మోల్ ప్రొపేన్ దిగుతుంది. నికర వేడి 30 కిలోజౌల్/కేజీ. జియోలైట్ హీట్ కెపాసిటీ 0.92 తీసుకుంటే, గ్యాస్ ఏమీ మోసుకుపోదనుకుని, 32 కెల్విన్ పెరుగుదల. అదే వాక్యూమ్ చేసిన ఖాళీ బెడ్ అయితే రెండు గ్యాసుల వేడీ కలిసి 95 కెల్విన్. అందుకని ఖాళీ బెడ్ మీద చేసిన బ్రేక్‌త్రూతో సైకిల్ ఉష్ణోగ్రతలను ఊహించవద్దు. 30 కెల్విన్ పెరిగినా ప్రొపిలీన్ లోడింగ్ 1.77 నుంచి 1.33కి పడుతుంది, నాలుగో వంతు పోయినట్టు.

ఫీడ్‌లో జరిగే నష్టం ఇది. ఎవాక్యుయేషన్‌లో జరిగేది ఇంకా పెద్దది. డీసార్ప్షన్ వేడిని తాగుతుంది, బెడ్ చల్లబడుతుంది, చల్లబడిన జియోలైట్ ప్రొపిలీన్‌ని మరింత గట్టిగా పట్టుకుంటుంది. ప్యూర్ ప్రొపిలీన్‌తో 2.5 బార్ దగ్గర నిండిన బెడ్‌లో 2.29 మోల్/కేజీ ఉంటుంది. 0.1 బార్‌కి దించితే:

ఐసోథర్మల్‌గా: 0.60 మిగులుతుంది. గ్యాస్‌తో కలిపి బయటికొచ్చేది 2.29 మోల్.

అడియాబాటిక్‌గా (బయటి నుంచి వేడి అందకుండా): బెడ్ 37 కెల్విన్ పడిపోయి 336 దగ్గర ఆగుతుంది. 1.48 మిగిలిపోతుంది. వచ్చేది 1.14 మోల్. సరిగ్గా సగం.

రెండో అంకెకి సిమ్యులేషన్ అక్కర్లేదు. ఉష్ణోగ్రత ఊహించడం, ఆ ఉష్ణోగ్రతలో 0.1 బార్ లోడింగ్ చూడటం, దిగిన మోల్స్‌ని 42తో గుణించి 0.92తో భాగించి పడిపోయిన డిగ్రీలతో కలుస్తుందో లేదో చూడటం. నాలుగైదు సవరణల్లో కలుస్తుంది.

ఇక గోడ. స్టెయిన్‌లెస్ ట్యూబ్, 2 మి.మీ. మందం. మీటరు పొడవుకి 2.6 కేజీలు, హీట్ కెపాసిటీ 1.31 కిలోజౌల్/కెల్విన్. లోపలున్న జియోలైట్‌ది 1.19. గోడే ఎక్కువ! ల్యాబ్ ట్యూబ్‌లో గోడ నుంచి వేడి వచ్చి బెడ్‌ని ఆదుకుంటుంది. గోడ పూర్తిగా బెడ్‌తో పాటే కదులుతుందనుకుంటే పడిపోయేది 25 కెల్విన్ మాత్రమే, బయటికొచ్చేది 1.58 మోల్. రెండు మీటర్ల వ్యాసం, 15 మి.మీ. గోడ ఉన్న పాత్రలో గోడ వాటా బెడ్‌లో ఐదో వంతే, అదీ మధ్యలో ఉన్న పెల్లెట్లకి సమయానికి అందదు. ల్యాబ్ ట్యూబ్ డేటాతో బాగా కలిసిన మోడల్‌ని గోడ పరామితులు మార్చకుండా పెద్ద కాలమ్‌కి తీసుకెళ్లడం ఈ రంగంలో అందరికీ తెలిసిన ఉచ్చు. అయినా పడేవాళ్లు పడుతూనే ఉంటారు.

ఖాతా (ఎవాక్యుయేషన్‌లో వచ్చేది, 373 కెల్విన్): ఐసోథర్మల్ 2.29, ల్యాబ్ ట్యూబ్ 1.58, అడియాబాటిక్ 1.14 మోల్.

దశ 5: రిన్స్, మైనస్‌లోకి వెళ్లిన సైకిల్

సైకిల్ నాలుగు అంచెలు: ప్రెషరైజేషన్, ఫీడ్, ప్యూర్ ప్రొపిలీన్‌తో రిన్స్ (బెడ్‌ని కడగడం), వ్యతిరేక దిశలో ఎవాక్యుయేషన్. పాలిమర్ గ్రేడ్‌కి 99.5 శాతం ప్యూరిటీ కావాలి. రిన్స్ లేకుండా ఫీడ్‌తో నిండిన బెడ్‌ని మొత్తం ఖాళీ చేసినా వచ్చేది 82 శాతమే. కాబట్టి 0.51 మోల్ ప్రొపేన్‌ని రిన్స్‌తో బయటికి నెట్టాలి.

ఎంత రిన్స్? ఫ్రంట్ పదునుగా ఉందనుకుంటే:

1. బెడ్‌లో ప్రొపిలీన్ 2.35 నుంచి 3.07కి పెరగాలి: 0.72 మోల్.
2. బయటికి నెట్టే గ్యాస్ ఫీడ్ కంపోజిషన్‌లో ఉంటుంది. 0.51 మోల్ ప్రొపేన్‌తో పాటు అంతే ప్రొపిలీన్ పోతుంది: 0.51.
3. మొత్తం 1.23 మోల్. ఇది కనీసం. నిజమైన ఫ్రంట్‌కి ఇంకా పడుతుంది.

ఎవాక్యుయేషన్‌లో వచ్చిన దాంట్లోంచి రిన్స్ తీసేస్తే చేతికి మిగిలేది:

ఐసోథర్మల్: ప్లస్ 1.06 మోల్.
ల్యాబ్ ట్యూబ్: ప్లస్ 0.35.
అడియాబాటిక్: మైనస్ 0.09.

అదే సైకిల్, అదే పెల్లెట్. ల్యాబ్‌లో ప్రొపిలీన్ ఇస్తుంది, పెద్ద కాలమ్‌లో ప్రొపిలీన్‌ని తింటుంది. కోడ్‌లో ఇది ఎర్రర్‌గా కనిపించదు. రిన్స్ ట్యాంక్‌లోకి ప్రొపిలీన్ ఎక్కడి నుంచో వస్తూనే ఉంటుందని రాసి ఉంటే ప్యూరిటీ 99.5 దాటి మెరిసిపోతుంది. రికవరీ లెక్కలో రిన్స్‌ని తీసేయడం మర్చిపోతే ఆ మెరుపే రిపోర్టులోకి ఎక్కుతుంది.

మైనస్ 0.09 నిజమేనా అని రెండో దారిలో చూస్తే: ఎవాక్యుయేషన్ తర్వాత బెడ్‌లో 1.48 మోల్/కేజీ మిగిలే ఉంది. ఫీడ్‌తో నిండేది 1.77. కొత్త ప్రొపిలీన్‌కి ఖాళీ 0.29 మోల్/కేజీ మాత్రమే, గ్యాస్‌తో కలిపి కాలమ్‌కి 0.42 మోల్. రిన్స్‌లో పోయేది 0.51. తేడా అదే మైనస్ 0.09.

*మార్పు: ఉష్ణోగ్రత 423 కెల్విన్.* కెపాసిటీ తగ్గుతుందని తెలిసే పెంచాం. ఫీడ్‌తో నిండినప్పుడు ప్రొపిలీన్ 1.77 బదులు 1.01 మోల్/కేజీ. కానీ ఐసోథర్మ్ వంపు తగ్గింది, బెడ్ వదిలేయడం నేర్చుకుంది. అడియాబాటిక్ ఎవాక్యుయేషన్‌లో 47 కెల్విన్ పడిపోయినా 1.41 మోల్ వస్తుంది. రిన్స్ కనీసం 1.12. చేతికి ప్లస్ 0.29.

ఖాతా (చేతికి, అడియాబాటిక్): 373 దగ్గర మైనస్ 0.09, 423 దగ్గర ప్లస్ 0.29 మోల్/సైకిల్.

ఇంకా పైకి పోవచ్చు కదా అంటే, వేడి పెరిగేకొద్దీ పెల్లెట్‌లోని ఆమ్ల స్థానాల మీద ప్రొపిలీన్ ఆలిగోమర్లుగా (చిన్న గొలుసులుగా) మారి కోక్ (కార్బన్ మసి) పేరుకుంటుంది, పెల్లెట్ నల్లబడుతుంది. ఈ మోడల్‌లో ఆ సమీకరణం లేదు. కాబట్టి ఉష్ణోగ్రతకి పై హద్దును ఆప్టిమైజర్‌కి వదలకుండా చేత్తో పెట్టాం.

దశ 6: వాక్యూమ్ లైన్

ఫీడ్ అంచెలో ఎర్గన్ సమీకరణం ఇచ్చే ప్రెషర్ డ్రాప్ మీటరుకి 360 పాస్కల్స్. 2.5 బార్ ముందు లెక్కలోకి రాదు. ఇది చూసి పీడనం బెడ్ అంతా ఒకటే అని సరళీకరించిన రన్, ఎవాక్యుయేషన్‌లో ఉన్నదానికంటే ఎక్కువ ప్రొపిలీన్ చూపించింది. 0.1 బార్ దగ్గర అదే 0.01 మోల్/సెకను బయటికి వస్తుంటే వేగం 25 రెట్లు. ఫ్లో మూసిన చివర సున్నా నుంచి పంపు వైపు సమంగా పెరుగుతుందనుకుని ఇంటిగ్రేట్ చేస్తే, పంపు చివర 0.100 బార్ ఉన్నప్పుడు అవతలి చివర 0.134. పంపు గేజ్ 0.1 చూపిస్తున్నా బెడ్ దాన్ని పూర్తిగా చూడటం లేదు. ఎర్గన్‌ని అన్ని అంచెల్లోనూ ఉంచాం.

ఎవాక్యుయేషన్ బౌండరీకి పీడనం ఎక్స్‌పొనెన్షియల్‌గా పడుతుందని రాయడం మామూలే. కాకపోతే అందులో పంపు ఎంతైనా లాగగలదన్న ఊహ దాగి ఉంది. 423 దగ్గర వచ్చే 1.41 మోల్‌లో ఖాళీల్లోని గ్యాస్ 0.08 మాత్రమే, మిగతాదంతా జియోలైట్ నుంచి దిగేది. ఖాళీ పాత్రని వాక్యూమ్ చేసే సమయంతో పంపు సైజు చూస్తే పదిహేడో వంతు పంపు కొంటారు. కూలర్ దాటి 35 డిగ్రీలకి వచ్చిన గ్యాస్‌ని 200 సెకన్లలో 0.1 బార్ దగ్గర లాగాలంటే గంటకి 6.5 ఘనపు మీటర్లు కావాలి. బౌండరీని పంపు వాల్యూమ్ రేటుతో మార్చి రాశాం. అన్నట్టు, వాక్యూమ్ వైపు గాలి లీకైతే లోపల ఉన్నది మండే గ్యాస్. ఆక్సిజన్ అనలైజర్ సంగతి సిమ్యులేషన్ గుర్తు చేయదు.

దశ 7: సైక్లిక్ స్టెడీ స్టేట్

అంటే ప్రతి సైకిల్ ముందుదానిలాగే పునరావృతమయ్యే స్థితి. ప్యూరిటీ వరుసగా రెండు సైకిళ్లలో మారలేదని ఆపేస్తే తప్పు. గ్యాస్, లోడింగ్ త్వరగా కుదురుకుంటాయి, ఉష్ణోగ్రత మెల్లగా జరుగుతూనే ఉంటుంది. ఆపడానికి పెట్టుకున్న షరతులు:

1. ప్రొపిలీన్, ప్రొపేన్ విడివిడిగా: సైకిల్‌లో లోపలికి వెళ్లినదానికీ బయటికి వచ్చినదానికీ తేడా 0.5 శాతం లోపు. రెండూ కలిపి చూడవద్దు, ఒకదాని మిగులు ఇంకొకదాని లోటుని దాచేస్తుంది.
2. శక్తి బ్యాలెన్స్ కూడా అదే హద్దులో.
3. ప్రతి సెల్ ఉష్ణోగ్రత గత సైకిల్ అదే క్షణంతో పోలిస్తే 0.05 కెల్విన్ లోపు.
4. సెల్స్ 40 నుంచి 80 చేసి చివరి ఫలితం మళ్లీ చూడాలి. ప్యూరిటీ రెండో దశాంశంలో కదిలితే 80తోనే కొనసాగాలి.

ప్రారంభానికి ఐసోథర్మల్ రన్ ముగింపు స్థితిని వాడితే లోడింగ్ ప్రొఫైల్ త్వరగా కుదురుతుంది గానీ, ఉష్ణోగ్రత తప్పు చోటు నుంచి మొదలవుతుంది. గోడ హీట్ కెపాసిటీని పది రెట్లు తగ్గించి ముందు కొన్ని సైకిళ్లు నడిపి, తర్వాత అసలు విలువ పెట్టడం ఉపయోగపడింది. స్టెడీ స్టేట్ తర్వాత సగటు గోడ ఉష్ణోగ్రత మీద హీట్ కెపాసిటీ ప్రభావం తక్కువ, చేరే వేగం మీద ఎక్కువ.

ఆప్టిమైజర్‌కి ఇప్పుడు వదిలినవి నాలుగు: ఫీడ్ సమయం, రిన్స్ మోల్స్, ఎవాక్యుయేషన్ సమయం, ఫీడ్ ఉష్ణోగ్రత (పై హద్దు 433 కెల్విన్). రిన్స్‌కి ముందే ఫీడ్ ఆపేస్తే ప్రొపేన్ రిచ్ చివర కొంత మిగులుతుంది. దాన్ని రిన్స్‌తో కాకుండా, ఫీడ్ దిశలోనే 1 బార్ దాకా బ్లోడౌన్ చేసి నెట్టే ఐదో అంచె తర్వాతి పని. అలా వచ్చిన బ్లోడౌన్ గ్యాస్ తిరిగి ఫీడ్‌లోకి వెళ్తుంది కాబట్టి దాని లెక్కింపు వేరియబుల్ కూడా కలపాలి: 80 సెల్స్ అయితే 480, లెక్కింపులు 6, మొత్తం 486.